గోపాలప్ప, అరవై రెండేళ్లు

పదకొండో వారం

"ఈ చీటీలో ఏముండాదో చదివి చెప్పమ్మా. ఇంట్లో మొగోళ్ళు ఇద్దరుండారు, ఇద్దరూ నోరు తెరవరు."

వరూధిని ఇంకా చెప్పులు విప్పలేదు. కమలమ్మ తడిసిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టింది. అత్తగారి మోచేతుల దాకా సబ్బు నురగ ఉంది. సోమవారం సాయంత్రం చిన్నకొడుకు వినయ్ ఫ్యాక్టరీ బట్టలు నానబెట్టే ముందు జేబులు వెతకడం ఆమెకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. బస్సు టికెట్లు, నట్లు, ఒక్కోసారి సగం కొరికిన చిక్కీ దొరికేవి. ఈ సోమవారం ఆస్పత్రి చీటీ దొరికింది.

"గురువారం పొద్దున పదింటికి చేరాలి. శుక్రవారం ఆపరేషన్. ఎడమవైపు..." అని వరూధిని ఆగిపోయింది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్కానింగ్ రిపోర్టుల్లో ఇలాంటి మాటలు రాసే డాక్టరమ్మే. అయినా అత్తగారి ఎదురుగా ఆ మాట అనడానికి వెనకాడింది.

"ఎడమవైపు ఏమి?"

"వృషణం తీసేస్తారట అత్తయ్యా."

కమలమ్మ చేతుల మీది నురగ నేలమీద పడుతోంది. ఆమె తుడుచుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న వినయ్ తల ఎత్తలేదు. మేడమెట్ల మీద మూడో మెట్టున కూర్చున్న మామగారు గోపాలప్ప వక్క నములుతున్నవాడల్లా నమలడం ఆపేశాడు. బెంగళూరు కబ్బన్‌పేట సందులో పక్కింటి మరమగ్గాల చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది.

"నెలన్నరలో పెండ్లి పెట్టుకుని, ఇదేమిరా?" అంది కమలమ్మ చివరికి. "ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు నెల్లు."

"నాలుగు నెల్లు ఒక్కమాట చెప్పలేదే!"

"చెప్తే ఏమి చేస్తావమ్మా? ఏడుస్తావు. ఇప్పుడు చేస్తాండేది అదే కదా."

ఆ మాటకు కమలమ్మ నిజంగానే ఏడ్చింది. కొడుకు మీది కోపంతో ఏడ్చిందో, ఆ ఆపరేషన్‌ను తలచుకుని ఏడ్చిందో ఆమెకే తెలియదు.

వరూధిని సంచీ కింద పెట్టి మరిది ఎదురుగా కూర్చుంది. గుంటూరు పిల్ల. ఈ ఇంటి పెద్దకొడుకు లక్ష్మీనారాయణను ప్రేమించి పెళ్ళాడి నాలుగేళ్ళయింది. మొగుడు బ్యాంకు ట్రైనింగని హుబ్బళ్ళి వెళ్ళి కూర్చున్నాడు. ఫోన్ చేస్తే 'నాన్న చెప్పినట్టు చెయ్యి' అంటాడని ఆమెకు ముందే తెలుసు. అందుకే చేయదలుచుకోలేదు.

"వినయ్, స్కానింగ్ తీశారా?"

"లేదు వదినా."

"రక్తపరీక్ష?"

"ఆపరేషన్ ముందర తీస్తారంట."

"మరి తీసేయాలని ఎలా చెప్పాడాయన?"

"చేత్తో చూసినాడు. గట్టిగా ఉండాది, గడ్డే, ఉంచుకుంటే పైకి పాకుతాది అన్నాడు. సర్జన్ కదా, ఆయనకు తెలీదా?"

"చేత్తో చూస్తే గట్టిగా ఉందని తెలుస్తుంది. లోపల నీళ్ళున్నాయో కండ ఉందో తెలియదు. గట్టిగా తగిలినవన్నీ చెడ్డవి కావు. నేను వారానికి ఇద్దరినైనా చూస్తాను ఇలాంటివాళ్ళని. రేపు మా సెంటర్‌కి రా. పదిహేను నిమిషాల పని."

"కోడలు చూసేదా?"

గోపాలప్ప ఆ సాయంత్రం మాట్లాడిన మొదటి మాట అది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బదులు చెప్పడం తేలికయ్యేది.

"మరిది ఒళ్ళు వదిన చూసేదా? నువ్వు డాక్టరువే, కాదన్లేదు. కానీ ఈ ఇంట్లో అది కాదమ్మా."

"నేను చూడను మామయ్యా. మా స్టాన్లీ సార్ చూస్తారు. పెద్దాయన, నాకు పని నేర్పిన మనిషి."

"మీ సెంటర్లో కౌంటర్ కాడ చెన్నరాయప్ప ఉండాడు."

అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. వరూధిని పనిచేసే జయనగరం సెంటర్లో రిజిస్టరు రాసేది చెన్నరాయప్ప. పెళ్ళికూతురు అనసూయకు సొంత మేనమామ. 'మీ మరిదికి సంబంధాలు చూస్తాండారా మేడమ్?' అని ఆ కౌంటర్ మీద మోచేతులు ఆనించి అడిగి, ఆయనే ఈ పెళ్ళి కుదిర్చాడు. మాట దాచుకునే మనిషి కాదు. ఆయనకు తెలిసిన సంగతి సాయంత్రానికల్లా చిక్కపేటలో చుట్టాలందరికీ తెలుస్తుంది.

"ఇంకో సెంటర్ చూడరాదా?" అంది కమలమ్మ.

"పేటలో ఉన్నవి కడుపుతో ఉన్నవాళ్ళకు తీసే పాత మెషీన్లు అత్తయ్యా. గడ్డలోకి రక్తం పారుతోందా లేదా అని చూపించే మెషీన్ కావాలి. పెద్దాస్పత్రుల్లో ఉంది, వచ్చే వారం రమ్మంటారు. గురువారం పదింటికి చేరమని చీటీ చేతిలో ఉంది."

"నా పేరు రాయి" అన్నాడు గోపాలప్ప.

"మీ పేరా?"

"గోపాలప్ప, అరవై రెండేళ్లు అని రాయి. చెన్నరాయప్ప కూటికి పోతాడు కదా, ఆ వేళకు వీడిని పిల్చుకుని పో. రేపు ఎవరన్నా రిజిస్టరు తిరగేసినా గోపాలప్పకు ఏదో అయ్యిందంట అంటారు. అననీ. ముసలోని పేరుకు ఏమి పోతాది? నాకింక పిల్లనెవరిస్తారు?"

నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

వరూధినికి అది తప్పని తెలుసు. పేరు సరిచూసుకోకుండా స్కానింగ్ ప్రోబ్ చేతిలోకి తీసుకోకూడదని స్టాన్లీ మొదటిరోజే నేర్పాడు. కానీ గురువారం తరుముకొస్తోంది, ఎదురుగా మరిది ముఖం పాలిపోయి ఉంది. సరేనంది. ఎంత చదువుకున్నా ఇంట్లో వాళ్ళ ముఖాలు చూసి తప్పుచేయని వాళ్ళు తక్కువ, మన వరూధిని అంత గొప్పదేం కాదు.

గోపాలప్ప లేచి మేడమీదికి వెళ్ళిపోయాడు. మోకాళ్ళ నొప్పులని మూడేళ్ళ కిందట గుంటమగ్గం మీద నేత మానేసిన మనిషి, మెట్లు మాత్రం గబగబా ఎక్కాడు. వరూధిని చూసింది. చూసి, అప్పటికి పట్టించుకోలేదు.

* * *

మంగళవారం ఒంటిగంటకు చెన్నరాయప్ప పెన్నుకు మూత పెట్టి, పక్కవీధి మెస్‌లో రాగిముద్ద తినడానికి వెళ్ళాడు. ముప్పావుగంట దాకా రాడు.

వరూధిని కౌంటర్ వెనక్కి వెళ్ళి రిజిస్టరు తెరిచింది. పేరు, వయసు, భర్త పేరు. ఆ సెంటర్‌కు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది గర్భిణులే కాబట్టి ఆ గడి అచ్చువేసే ఉంటుంది. 'గోపాలప్ప, 62' అని రాసి, భర్త పేరు గడిలో గీత పెట్టింది. ఆమె రాత ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఆ ఒక్క వరస వంకరపోయింది.

వినయ్ ముగ్గురు గర్భిణుల మధ్య, పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పబడదన్న బోర్డు కింద కూర్చున్నాడు. పక్కనున్నామె జాలిగా చూసి, మీ ఆవిడ లోపలుందా అని కన్నడంలో అడిగింది. "హౌదు" అని తలూపాడు వినయ్. పెళ్ళి కాకుండానే పెళ్ళాన్ని స్కానింగ్‌కు తెచ్చిన మొగుడయ్యాడు.

"గోపాలప్పగారూ!" అని పిలిచి, లోపలికి వచ్చిన కుర్రవాణ్ణి చూసి స్టాన్లీ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అరవై రెండేళ్ళా? ఏం తింటున్నారు బాబూ, మాకూ చెప్పండి."

వినయ్ నేల చూశాడు. స్టాన్లీ గుమ్మం దగ్గరున్న వరూధినిని చూశాడు. ఆమె కూడా నేలే చూస్తోంది. పెద్దాయన ఇంకేమీ అనకుండా తలుపు వేశాడు.

వరూధిని నడవాలో నిలబడింది. లోపలి మాటలు వినిపిస్తున్నాయి. చల్లగా ఉంటుంది, భయపడకు. ఈ తువ్వాలు ఇలా కప్పుకో. ఎక్కడ తగిలింది నీకు? ఆ, ఇక్కడే. ఊపిరి మామూలుగా తీసుకో. తర్వాత చాలాసేపు మెషీన్ రొద తప్ప ఏమీ లేదు. వెయ్యిమందికి స్కానింగ్ చేసిన మనిషికి ఒక్క తలుపు బయట నిలబడటం ఇంత కష్టమని అప్పుడే తెలిసింది.

పావుగంటకు స్టాన్లీ ఫిల్మ్ పట్టుకుని బయటికొచ్చి లైటుపెట్టెకు తగిలించాడు. వెనకే వినయ్ బెల్టు బిగించుకుంటూ వచ్చాడు.

"మీ ఇంట్లో ఒళ్ళు చూడకూడదన్నారని ఇతను చెప్పాడు. ఫిల్మ్ చూడకూడదనలేదుగా. చూడమ్మా."

ఆమె చూసింది. బూడిదరంగులో కోలగా, ఎక్కడా మచ్చలేకుండా ఉంది వృషణం. దాని పైపొరలో, అంచున, కందిగింజంత నల్లటి చుక్క. గుండ్రంగా, పలచటి గోడతో. దాని వెనక భాగం తెల్లగా వెలుగుతోంది. పక్క ఫిల్మ్‌లో రక్తం పారే చోట రంగులున్నాయి, ఆ చుక్కలో ఒక్క రంగు లేదు.

"నీటితిత్తి" అంది వరూధిని.

"ఏమి వదినా? మంచిదా, చెడ్డదా?"

"ఇటు రా నాయనా" అని స్టాన్లీ ఫిల్మ్ మీద వేలుపెట్టాడు. "నీళ్ళుంటే నల్లగా కనిపిస్తుంది. నీళ్ళలోంచి శబ్దం అడ్డులేకుండా పోతుంది కాబట్టి వెనక ఇలా తెల్లబడుతుంది. చెడ్డగడ్డ ఇలా ఉండదు. అది లోపలి కండలో ఉంటుంది, దానికి రక్తం కావాలి. నీది పైపొరలో ఇరుక్కున్న నీటిబుడగ. పొర బిగుతుగా ఉంటుంది కాబట్టి చేతికి రాయిలా తగిలింది. మీ సర్జన్‌కు తగిలిందీ అదే."

"తీసేయాల్సిన పని లేదా సార్?"

"తీయడం కాదు, ముట్టుకోనే అక్కర్లేదు. ధైర్యానికి రక్తపరీక్ష చేయించు. మూడునెలలకు ఇంకోసారి చూద్దాం. పెళ్ళిలో మాకు భోజనం పెట్టు."

వినయ్ నవ్వబోయి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాలుగు నెలలుగా బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో మెషీన్ ముందు నిలబడి, ఎవరికీ చెప్పకుండా తన చావు ముహూర్తం లెక్కపెట్టుకున్న కుర్రాడు. భుజాలు కదులుతుంటే వరూధిని చూడనట్టే ఫిల్మ్ కవర్లో పెట్టింది.

కవర్లో పెడుతుంటే ఫిల్మ్ పైమూల కనిపించింది. ప్రతి బొమ్మ మీదా మెషీన్ అచ్చువేసిన తెల్లటి అక్షరాలు. గోపాలప్ప, 62, పురుషుడు.

* * *

"డాక్టరమ్మా, ఇదెవరి ఫిల్మ్?"

బుధవారం ఉదయం సర్జన్ కన్నడంలో అడిగిన మొదటి ప్రశ్న అది. యాభై దాటిన మనిషి. మర్యాదగానే మాట్లాడాడు.

"ఇతనిదే సార్. పేరు మాత్రం... ఇంట్లో ఇబ్బంది ఉండి మా మామగారి పేరు రాశాం. నేనే రాశాను."

"నా పేషెంటు పేరు వినయ్, ఇరవై ఏడేళ్ళు. గోపాలప్ప అనే అరవై రెండేళ్ళ ఆయనకు గడ్డ లేదని మీరు చెప్తున్నారు. సంతోషం. దాన్ని చూసి నేను వినయ్ ఆపరేషన్ ఆపాలా? రేపు ఏదైనా అయితే ఈ ఫిల్మ్ ఎవరికి చూపించుకోమంటారు?"

"మీరు స్కానింగ్ లేకుండా ఆపరేషన్‌కు రాశారు కదా సార్."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన కొంతసేపు పెన్ను తిప్పాడు.

"రాశాను. నా చేతికి గడ్డ తగిలింది, ఆలస్యం చేయలేదు. మీరు తప్పంటే తప్పే. ఇతని పేరుతో, ఇతని వయసుతో రిపోర్టు తెండి. రేపు పదిలోపల తెస్తే నేనే ఈ చీటీ చింపేస్తాను. తేకపోతే చేర్చుకుంటాను."

బయటికొచ్చాక వరూధిని నేరుగా సెంటర్‌కు ఫోన్ చేసింది. పేరుమార్చి ఇంకో ఫిల్మ్ ఇవ్వమని అడగబోతుంటే స్టాన్లీ మధ్యలోనే అందుకున్నాడు.

"మార్చను తల్లీ. నిన్న అడక్కుండా ఊరుకోవడమే నా పొరపాటు. మళ్ళీ తీస్తాను, ఎన్నిసార్లైనా తీస్తాను. అతన్ని కౌంటర్లో తన పేరు రాయించుకుని రమ్మను."

ఆమెకు కోపం వచ్చింది. స్టాన్లీ మీద కాదు, సర్జన్ మీద కూడా కాదు. సోమవారం సాయంత్రం సరేనన్న తన నోటిమీద వచ్చింది.

* * *

"వద్దు వదినా. తీసేయనీ."

బుధవారం సాయంత్రం హాల్లో దీపం పెట్టగానే వినయ్ అన్నాడు. వరూధిని విన్నదాన్ని నమ్మలేకపోయింది.

"ఏమన్నావు?"

"ఒకటుంటే చాలంట. పిల్లలు పుడతారంట, ఆయనే చెప్పినాడు. బయటికి ఎవరికీ తెలీదు. చెన్నరాయప్ప చిన్నాయన ముందర నిలబడి నాకు ఈడ స్కానింగ్ తీయండి అని చెప్పుకునేదానికంటే అదే మేలు."

"బాగున్న అవయవాన్ని మొహమాటానికి కోయించుకుంటావా?"

"మొహమాటమా? మీకేం వదినా, మీకు ఇవన్నీ రోజూ ఉండే మాటలు. నాకు కాదు. రేపు ఫ్యాక్టరీలో తెలుస్తాది, అనసూయకు తెలుస్తాది..."

"ఆపరేషన్ అయ్యాక అనసూయకు తెలియదా? ఆ కుట్లు చూసి ఆ పిల్ల అడిగితే ఏం చెప్తావు? ఏమీ లేకపోయినా తీయించుకున్నానని చెప్తావా?"

కమలమ్మ అందుకుంది.

"తెలిస్తే పెండ్లి నిలిచిపోతాదమ్మా. వాళ్ళ ఇంట్లో నలుగురు ఆడపిల్లలు. ఊరికే ఉంటారా?"

"నిలిచిపోతే పోనివ్వండి అత్తయ్యా. నేను ఆ మాట సంతోషంగా అనడం లేదు. కానీ రేపు ఎనిమిదింటికి సెంటర్ తెరుస్తారు. నేను గుమ్మంలో నిలబడి ఉంటాను. వాడు రాకపోతే పదింటికి ఆస్పత్రి గుమ్మంలో నిలబడతాను. అక్కడ గొడవ చేస్తాను, గొంతు చించుకుని అరుస్తాను. అప్పుడు చిక్కపేటకే కాదు, మొత్తం బెంగళూరుకు తెలుస్తుంది."

ఆ ఇంట్లో వరూధిని గొంతు పెంచడం అదే మొదటిసారి. కమలమ్మ కోడలివైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. కోపంతో పోయిందో మెచ్చుకుని పోయిందో తెలియలేదు.

మగ్గం గదిలో నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు ఆగిపోయింది.

మూడేళ్ళ కిందట మానేసిన ఆ మగ్గం మీద గోపాలప్ప మళ్ళీ నేస్తున్నది అనసూయ పెళ్ళిచీర. కోడలి ముహూర్తం చీర మామగారి చేత్తో నేసి కట్టబెట్టడం ఈ ఇంటి ఆనవాయితీ. వరూధిని చీర కూడా ఆయనే నేశాడు, అప్పుడు ఇరవై రోజుల్లో పూర్తయింది. ఈ చీర మొదలుపెట్టి రెండునెలలయింది, ఇంకా కొంగు మిగిలే ఉంది.

వరూధిని గదిలోకి వెళ్ళేసరికి ఆయన రెండు చేతులూ ఆనించి గుంటలోంచి పైకి లేస్తున్నాడు. లేచి, మగ్గం గుంజ పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆయన కూర్చునే చోట తువ్వాలు నాలుగు మడతలు వేసి ఉంది.

"మోకాళ్ళా మామయ్యా?"

"ఆ. మోకాళ్ళే."

"మీరు మంచికే మీ పేరిచ్చారు. నేనే తీసుకోకుండా ఉండాల్సింది. మీ పేరు పెట్టేసరికి ఆ ఫిల్మ్ వాడికి పనికిరాకుండా పోయింది. రేపు వాడిని మీరే పంపండి. నా మాట వినడు, మీ మాట వింటాడు."

ఆయన ఎర్రటి పట్టు మీద అరచెయ్యి పెట్టి, లేని ముడతను సర్దాడు.

"ఆ మెషీను నొప్పి పెడతాదా అమ్మా?"

"లేదు మామయ్యా. చల్లగా తగులుతుంది, అంతే."

"సరే. వాడికి నొప్పి పెట్టిందేమోనని అడిగినా."

పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. పంచె అంచు సర్దుకుని మేడ ఎక్కిపోయాడు.

* * *

గురువారం ఎనిమిదింటికి వరూధిని సెంటర్ గుమ్మంలో నిలబడింది. ఎనిమిదింబావైంది. ఎనిమిదిన్నరైంది. చెన్నరాయప్ప ఊదొత్తి వెలిగించి, గణపతి పటానికి దండం పెట్టి, రిజిస్టరులో తేదీ వేశాడు.

"ఏమి మేడమ్, ఎండలో నిలబడినారు? ఎవరన్నా వచ్చేది ఉండాదా?"

"ఉంది."

ఎనిమిదీ నలభైకి ఆటో ఆగింది. ముందు వినయ్ దిగాడు. ఆ తర్వాత, కడ్డీ పట్టుకుని మెల్లగా, గోపాలప్ప దిగాడు. పెళ్ళిళ్ళకు కట్టే జరీపంచె కట్టుకుని, తలకు పేటా చుట్టుకుని వచ్చాడు. గుమ్మంలో కోడలి ముందు ఒక్క క్షణం ఆగి లోపలికి నడిచాడు.

"రాండన్నా, రాండి!" అని చెన్నరాయప్ప లేచి నిలబడ్డాడు. "ఏమప్పా అల్లుడూ, ఈ పొద్దు డ్యూటీ లేదా? అన్నా, ఏమి ఇట్లొచ్చినారు? పెండ్లి పత్రిక తెచ్చినారా?"

బల్లల మీద అప్పటికే ఐదారుగురు కూర్చుని ఉన్నారు. గోపాలప్ప రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టాడు.

"పత్రిక కాదు తమ్ముడూ. పేరు రాయించుకోనీకి వచ్చినాము. రాయి. వినయ్, ఇరవై ఏడు. ఎడమ పక్క గడ్డ తగిలింది, స్కానింగ్ చేయల్ల."

"ఎడమ పక్క అంటే?"

గోపాలప్ప చెప్పాడు. మగ్గం గదిలో మాట్లాడే మామూలు గొంతుతోనే చెప్పాడు. బల్ల మీద కూర్చున్న ఒకామె తల తిప్పుకుంది. చెన్నరాయప్ప పెన్ను కాగితం మీద ఆగిపోయింది. వినయ్ చెవులు ఎర్రబడ్డాయి, కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

"రాయప్పా. దాని కింద ఇంకొకటి రాయి. గోపాలప్ప, అరవై రెండు."

వరూధిని ఉలిక్కిపడి మామగారివైపు చూసింది.

చెన్నరాయప్ప రిజిస్టరు వెనక్కి తిప్పాడు. "మంగళవారం మీ పేరుండాదే అన్నా? ఇదో, మేడమ్ రాత. నేను కూటికి పోయినప్పుడు వచ్చిపోయినారా?"

"ఆ పొద్దు నా పేరు మాత్రం వచ్చింది. ఈ పొద్దు నేను వచ్చినా."

చెన్నరాయప్పకు అర్థంకాలేదు. వరూధినికి అర్థమైంది. మెట్లు గబగబా ఎక్కే మోకాళ్ళు, గుంటలో కూర్చోలేక మానేసిన మగ్గం, నాలుగు మడతల తువ్వాలు, రెండునెలలైనా తెమలని చీర. ఇంట్లో ఒక డాక్టరు నాలుగేళ్ళుగా తిరుగుతోంది. ఆయన మూడేళ్ళుగా పంచె బిగించి కట్టుకుని, ఆ డాక్టరు కంటపడకుండా బతికాడు.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?" అంది.

"బుడ్డలేమ్మా, అది, వరిబీజం. మా నాయనకూ ఉండె. మూడేండ్లాయె. ఈ రెండు నెల్లు కూర్చుని కూర్చుని పెరిగింది." గోపాలప్ప కొడుకువైపు చూపించాడు. "రేత్రి వీనికి చెప్పినా. నేను మూడేండ్లు దాచినా, నువ్వు నాలుగు నెల్లు దాచినావు, ఇద్దరమూ పోదాం పద అన్నా. నాకు సిగ్గు లేకపోతే వీడికి యాడనుంచి వస్తాదమ్మా సిగ్గు? నా కాడనుంచే కదా."

ముందు వినయ్ వెళ్ళాడు. స్టాన్లీ ఈసారి వయసు గురించి హాస్యమాడలేదు. తొమ్మిదీ పదికల్లా ఫిల్మ్ వచ్చింది. అదే నల్లటి చుక్క, అదే కందిగింజంత, పైమూలలో మాత్రం వినయ్, 27. వరూధిని అక్షరాలు రెండుసార్లు చదివి, కవరు మరిది చేతిలో పెట్టింది.

"పరుగెత్తు. పదిలోపల ఆయన బల్లమీద ఉండాలి. చీటీ నీ ఎదురుగానే చింపించు."

వినయ్ గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. చెన్నరాయప్ప ఫోన్ రిసీవర్ మీద చెయ్యి పెట్టి, ఎత్తాలో వద్దో తేల్చుకోలేక కూర్చున్నాడు.

"అప్పా, ఈ సంగతి మా అనసూయకు ఎవరు చెప్పాల్సింది?" అన్నాడు.

"నేనే చెప్తా చిన్నాయనా. ఆస్పత్రి నుంచి నేరుగా అనసూయ వాళ్ళింటికే పోతా. అంతదాకా ఆ ఫోన్ ఎత్తకండి."

చెన్నరాయప్ప చెయ్యి తీసేశాడు. ఎంతసేపు తీసి ఉంచుతాడో దేవుడికే తెలియాలి.

గోపాలప్ప పేటా తీసి కోడలి చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు. తలుపు పడింది. వరూధిని మళ్ళీ అదే నడవాలో నిలబడింది. చల్లగా ఉంటుంది పెద్దాయనా. ఆ, ఇలా పడుకోండి. చాలా నీరుందండీ, ఎలా ఓర్చుకున్నారు? తర్వాత స్టాన్లీ మాటలు ఆగిపోయాయి. మెషీన్ రొద ఒక్కటే వినిపిస్తోంది. ఐదు నిమిషాలు దాటింది, పది దాటింది. వినయ్‌కి కూడా ఇంతసేపు పట్టలేదు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. స్టాన్లీ కళ్ళజోడు నుదుటిమీదికి పెట్టుకుని ఉన్నాడు.

"నీరు ఎక్కువగా ఉంది వరూధినీ. దాని వెనక వృషణం సరిగ్గా అందడం లేదు. ఒకచోట నాకు అనుమానంగా ఉంది, ఏమీ కాకపోవచ్చు. నా కళ్ళకంటే నీ కళ్ళు మంచివి. కానీ మీ ఇంట్లో..." అని ఆగాడు.

వరూధిని పేటాను గుండెలకు అదుముకుని నిలబడిపోయింది. 'కోడలు చూసేదా?' అని సోమవారం మూడో మెట్టు మీదినుంచి వచ్చిన మాట ఆమెకు ఇంకా వినిపిస్తూనే ఉంది.

లోపల్నుంచి గోపాలప్ప గొంతు వినిపించింది. పడుకుని ఉండటంవల్ల సన్నగా వచ్చింది.

"సారూ, మా కోడలిని రమ్మను. ఆమె చూడనీ."